నిలబడి నీళ్లు తాగే ప్రయాణం: నోవై నుంచి హికోనెకు

మిషిగన్‌లోని నోవైలో ఉంటున్నారంటే మీ వీధిలో ఒక జపాన్ కుటుంబమైనా ఉండే ఉంటుంది. మీ అబ్బాయి క్లాసులో ఇద్దరు ముగ్గురు జపాన్ పిల్లలు ఉంటారు. శనివారం వాళ్లు జపనీస్ బడికి వెళ్తుంటే మన పిల్లలు తెలుగు క్లాసుకు వెళ్తారు. టాఫ్ట్ రోడ్డు మీది వెంకటేశ్వరస్వామి గుడి నుంచి గ్రాండ్ రివర్ రోడ్డు మీది జపాన్ సరుకుల దుకాణానికి కారులో నిమిషాల్లో చేరిపోతాం. ఇంత పక్కపక్కనే బతుకుతున్నాక ఏదో ఒక రోజు ఇంట్లో ఆ మాట రానే వస్తుంది.

"ఏవండీ, ఈసారి జపాన్ వెళ్దామా?"

మాట వచ్చిన వారానికల్లా కంప్యూటర్లో ఒక పట్టిక తయారవుతుంది. పది రోజుల్లో టోక్యో, ఫుజి కొండ, క్యోటో, నారా, ఒసాకా, హిరోషిమా, పిల్లల కోసం డిస్నీ. రోజుకో హోటలు, పూటకో రైలు. తిరిగొచ్చాక ఫోన్‌లో రెండు వేల ఫొటోలుంటాయి. ఏ ఊళ్లో ఏం తిన్నారో, ఎవరితో రెండు మాటలు మాట్లాడారో అడిగితే మాత్రం గుర్తుండదు. మీకు తెలిసినవాళ్లలో ఇలా వెళ్లొచ్చినవాళ్లు లేరా?

పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ అధ్యాయంలో నేను మీకు చెప్పేది ఒక్కటే. మీ జపాన్ ప్రయాణంలో మూడు రాత్రులు ఒకే చిన్న ఊరికి ఇవ్వండి. పెద్ద నగరాలు మానేయమని అనడం లేదు. మూడంటే మూడు రాత్రులు పక్కన పెట్టమంటున్నాను. ఆ ఊరు కూడా నేనే చెప్తాను: హికోనె.

హికోనే ఎందుకు?

మనం మిషిగన్ వాళ్లం కాబట్టి. మిషిగన్‌కూ జపాన్‌లోని షిగా రాష్ట్రానికీ 1968 నుంచి సోదర బంధం ఉంది. మనది మహా సరస్సుల నేల. షిగాలో ఉన్నది జపాన్‌లోకెల్లా పెద్ద సరస్సు, బివా. దాని విస్తీర్ణం సుమారు 670 చదరపు కిలోమీటర్లు. లేక్ మిషిగన్ పక్కన పెడితే చిన్నదే. వయసులో మాత్రం అది లక్షల ఏళ్ల నాటిది, ప్రపంచంలోని అతి పురాతన సరస్సుల్లో ఒకటి. షిగా రాజధాని ఒత్సు రేవు నుంచి ఈ సరస్సు మీద తిరిగే తెడ్డుచక్రాల ఓడ పేరేమిటో తెలుసా? "మిషిగన్". మన పిల్లలకు ఆ ఓడ పేరు చదివించి చూడండి, వాళ్ల ముఖాలు ఎలా వెలుగుతాయో!

బివా తూర్పు ఒడ్డున ఉన్న కోట ఊరు హికోనె. ఆన్ ఆర్బర్‌కు సోదర నగరం. అమెరికాతో జపాన్ వాణిజ్య ఒప్పందం 1858లో కుదిరినప్పుడు, వ్యతిరేకతను లెక్కచేయకుండా దాన్ని ముందుకు నడిపించిన అప్పటి ముఖ్య అమాత్యుడు ఈయి నావొసుకె ఈ కోట ప్రభువే. ఆ నిర్ణయానికి ఆయన 1860లో ప్రాణమే ఇచ్చాడు. టోక్యోలో ఆనాటి ఎదో కోట ద్వారం ముందు ఆయన్ని చంపేశారు. ఈ రోజు నోవైలో జపాన్ కుటుంబాలు మన ఇరుగుపొరుగుగా ఉన్నాయంటే, ఆ కథ మొదటి పుటల్లో హికోనె పేరుంది.

ఇక పనిలోకి దిగుదాం.

1. టికెట్ కంటే ముందు పాస్‌పోర్టు తెరవండి

మన ఇళ్లలో ఒకే కప్పు కింద నాలుగు రకాల కాగితాలుంటాయి. పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు, పెద్దలవి ఇండియా పాస్‌పోర్టులు. ఒకరికి గ్రీన్ కార్డు ఉంటుంది, ఒకరు హెచ్-1బి మీద ఉంటారు. అందుకని అందరికీ కలిపి ఒకే మాట చెప్పుకోవడం కుదరదు.

అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు విహారానికి వీసా లేకుండా 90 రోజుల వరకు జపాన్‌లో ఉండొచ్చు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు, గ్రీన్ కార్డు ఉన్నా సరే, జపాన్ వీసా కావాలి. మిషిగన్‌లో ఉండేవాళ్లు డెట్రాయిట్‌లోని జపాన్ కాన్సులేట్‌ను సంప్రదించాలి. విమానం, హోటలు వివరాలు, రోజువారీ ప్రణాళిక, ఉద్యోగం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకుని కనీసం నెల ముందే పని మొదలుపెట్టండి.

అసలు ప్రమాదం జపాన్ వెళ్లడంలో లేదు, తిరిగి రావడంలో ఉంది. ఒక ఇంటిని ఊహించుకోండి. హెచ్-1బి పొడిగింపు వచ్చింది, కొత్త ఐ-94 చేతిలో ఉంది, పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు మాత్రం దాటిపోయింది. "కెనడా వెళ్లి ఇలాగే వచ్చేశాం కదా" అని భర్త ధైర్యం. ఆ వెసులుబాటు కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొచ్చే ప్రయాణాలకు ఉద్దేశించింది. జపాన్‌కు వర్తించదు. స్టాంపు చెల్లకపోతే డెట్రాయిట్ విమానం ఎక్కనివ్వరు. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవాళ్లయితే లాయరును అడగకుండా కదలకండి.

అమ్మానాన్నలు మీ దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారా? వాళ్ల జపాన్ వీసా పని సాధారణంగా ఇండియాలోనే జరగాలి. ఇక్కడ ఆశ పెట్టుకునే ముందు కాన్సులేట్‌ను అడగండి. అంతకంటే సుఖమైన దారి ఒకటుంది. మీరు డెట్రాయిట్ నుంచి, వాళ్లు ఇండియా నుంచి బయల్దేరి జపాన్‌లో కలుసుకోండి.

2. నెలను ముందు ఎంచుకోండి, తర్వాత తేదీ

ఏప్రిల్ మొదటి వారంలో హికోనె కోట కందకం చుట్టూ వెయ్యికి పైగా చెర్రీ చెట్లు పూస్తాయి. మిషిగన్‌లో చాలా బడులకు వసంత సెలవులు కూడా దాదాపు అప్పుడే. థాంక్స్‌గివింగ్ రోజులకు షిగా కొండల్లో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. సైమ్యోజి, కొంగోరింజి, హ్యకుసైజి అనే మూడు పాత బౌద్ధ ఆలయాలు ఆ రంగులకు పేరు పొందాయి.

ఏ రోజులు వద్దు? ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు వచ్చే గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో పితృదేవతల పండుగ ఒబొన్, కొత్త సంవత్సరం రోజులు. అప్పుడు జపాన్ జపానే ప్రయాణంలో ఉంటుంది. మన సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్ బస్టాండు గుర్తు తెచ్చుకోండి. జూన్, జులైల్లో వాన, ఆ తర్వాత విజయవాడ లాంటి ఉక్క. చలికాలంలో షిగా ఉత్తర భాగాన మంచు పడుతుంది. హికోనె దగ్గరి ఇబుకి కొండ మీద 1927 ఫిబ్రవరిలో 11.82 మీటర్ల మంచు కొలిచారు. నోవై చలికి అలవాటుపడినవాళ్లకు కూడా అది కొత్త లెక్కే.

3. పోయే ఒక రోజును లెక్కలో రాసుకోండి

డెట్రాయిట్ నుంచి టోక్యో హనేడాకు నేరు విమానం ఉంది. ప్రయాణం సుమారు 13 గంటలు. జపాన్ గడియారం వేసవిలో మనకంటే 13 గంటలు, చలికాలంలో 14 గంటలు ముందు ఉంటుంది. శనివారం మధ్యాహ్నం బయల్దేరితే అక్కడ దిగేసరికి ఆదివారం మధ్యాహ్నమో సాయంత్రమో అవుతుంది.

చాలామంది చేసే తప్పు ఇక్కడే. హోటలు శనివారం రాత్రికి బుక్ చేస్తారు. ఆ రాత్రి డబ్బు పోతుంది, కొన్ని హోటళ్లలో అయితే "రాలేదు" అని మొత్తం బుకింగే రద్దవుతుంది. బుక్ చేసే ముందు విమానం దిగే తేదీని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకోండి. దిగిన రాత్రి టోక్యోలోనే పడుకోండి. నిద్ర చాలని పిల్లలతో, పెట్టెలతో అదే రోజు ఇంకో రైలు ఎక్కే సాహసం వద్దు.

4. సరైన రైలు ఎక్కండి

హికోనెకు దగ్గరి బుల్లెట్ రైలు స్టేషన్ మైబారా. టోక్యో నుంచి రెండుంపావు గంటల ప్రయాణం. మైబారాలో దిగి మామూలు రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే హికోనె, ఐదు నిమిషాలు. క్యోటో నుంచైతే వేగపు లోకల్ రైల్లో సుమారు 50 నిమిషాలు.

గుర్తుంచుకోవాల్సినవి నాలుగు:

* నొజొమి ఎక్కకండి. అన్నిటికంటే వేగమైన ఆ రైలు మైబారాలో ఆగదు, మిమ్మల్ని క్యోటో తీసుకెళ్లిపోతుంది. "మైబారాలో ఆగే హికరి" అని అడిగి టికెట్ తీసుకోండి.
* దేశమంతా తిరిగే రైలు పాస్ అలవాటుగా కొనకండి. ఏడు రోజుల పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో, హికోనె, క్యోటో తిరిగే కుటుంబానికి విడి టికెట్లే చవక.
* పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టెకు బుల్లెట్ రైల్లో ముందే ప్రత్యేక సీటు తీసుకోవాలి. మనం ఇండియాకు మోసే పెద్ద పెట్టెలు ఈ కొలత దాటే అవకాశం ఉంది, కొలిచి చూసుకోండి. ఒక హోటలు నుంచి మరో హోటలుకు పెట్టెలు చేరవేసే సర్వీసులున్నాయి, చాలాసార్లు మర్నాటికే అందుతాయి. రిసెప్షన్‌లో అడగండి, భుజాన ఒక సంచితో హాయిగా వెళ్లండి.
* కిటికీ పక్కన "ఇ" సీటు అడగండి. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ఆకాశం తేటగా ఉంటే కుడి వైపు ఫుజి కొండ కనిపిస్తుంది.

5. మొదటి రోజు: కోట

హికోనె కోట 1622కి పూర్తయింది. జపాన్‌లో పాత కట్టడం అలాగే నిలిచిన కోట బురుజులు పన్నెండే మిగిలాయి. వాటిలో జాతీయ సంపదగా ప్రకటించినవి ఐదు. ఆ ఐదింటిలో హికోనె ఒకటి. ఒసాకా కోటలా సిమెంటుతో మళ్లీ కట్టింది కాదు. మీరు తాకే కొయ్య నాలుగు వందల ఏళ్ల నాటిది.

పొద్దున్నే, తలుపులు తెరిచే వేళకు వెళ్లండి. రాతి మెట్లెక్కుతుంటే ముందు తెన్‌బిన్ బురుజు వస్తుంది. నడుమ వంతెన, రెండు పక్కలా సమానంగా రెండు గదులు. అచ్చం త్రాసులా ఉంటుంది, పేరుకు అర్థం కూడా త్రాసే. పైన అసలు బురుజులో చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని చేత్తో పట్టుకోవాలి. లోపలి మెట్లు మన పల్లెల్లో అటక ఎక్కే నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. మేజోళ్లతో ఆ నున్నటి కొయ్య మీద కాలు జారుతుంది. కమ్మీ గట్టిగా పట్టుకోండి, దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగండి. ఆ రోజు చీరకు సెలవిచ్చి చుడీదార్ వేసుకోమని అమ్మకు ముందే చెప్పండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతంగా పైకి లాక్కెళ్లకండి. "అత్తయ్యా, మీరు కింద తోటలో కూర్చోండి, గంటలో వచ్చేస్తాం" అనండి. కోట కింద గెంక్యూఎన్ తోట ఉంది, 1677 నాటిది. చెరువు పక్కన కూర్చుని పచ్చటి మచ్చా టీ తాగుతూ పైన కోటను చూడొచ్చు. నిజానికి ఫొటోల్లో అందంగా పడేది ఆ చూపే. పిల్లలకు మాత్రం కోట కంటే హికొన్యానే ముఖ్యం. ఎర్ర శిరస్త్రాణం పెట్టుకున్న ఈ తెల్ల పిల్లి బొమ్మ కోట 400 ఏళ్ల పండుగకు పుట్టి, ఊరికే ముఖచిత్రమైంది. ఈయి వంశపు సైనికులు తొడిగిన ఎర్ర కవచాల గుర్తు అది. కనిపించే వేళలు ఆ ఉదయమే కనుక్కోండి.

6. రెండో రోజు: సరస్సు నడుమ సరస్వతి

తెలుగువాళ్లను హికోనెకు వెళ్లమనడానికి నాకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. బివా సరస్సులో చికుబు అనే చిన్న దీవి ఉంది. అక్కడి హోగోన్‌జి ఆలయంలో కొలువైన దేవత బెంజైటెన్. ఎవరో తెలుసా? మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి, అక్కడ నీటికీ సంగీతానికీ విద్యకూ అధిదేవత అయింది. మన తల్లి చేతిలో వీణ ఉంటే ఆమె చేతిలో బివా అనే తంత్రీవాద్యం ఉంటుంది. సరస్సుకు ఆ వాద్యం పేరే వచ్చిందని అక్కడివాళ్లు చెప్తారు. బాసరలో గోదావరి ఒడ్డున పిల్లలకు అక్షరాభ్యాసం చేయించిన మనం, అదే తల్లిని మరో నీటి నడుమ చూస్తే ఎలా ఉంటుంది?

హికోనె రేవు నుంచి పడవలో 40 నిమిషాలు. దిగగానే 165 రాతి మెట్లు ఎదురవుతాయి. పైన ఆలయంలో దారుమా అనే చిన్న బొమ్మలు అమ్ముతారు. కోరిక చీటీ మీద రాసి బొమ్మ లోపల పెట్టి దేవత ముందు ఉంచాలి. మీ అమ్మాయితో ఆ చీటీ తెలుగులో రాయించండి. దీవి మీదే మరోచోట చిన్న మట్టి మూకుళ్ల మీద పేరూ కోరికా రాసి, నీటి వైపున్న తోరణం నడుమ నుంచి విసురుతారు. మూకుడు తోరణం దాటితే కోరిక తీరుతుందని నమ్మకం.

జాగ్రత్త ఒక్కటే. పడవలు రోజుకు కొన్నే ఉంటాయి, చలికాలంలో ఇంకా తగ్గుతాయి. ముందు రోజే వేళలు చూసుకోండి, తిరుగు పడవ వేళకు ఫోన్‌లో అలారం పెట్టండి. మధ్యాహ్నం తిరిగొచ్చాక రైల్లో పావుగంట వెళ్తే నాగహామా. నల్ల గోడల పాత ఇళ్లలో గాజు పనివాళ్ల దుకాణాలున్నాయి. సాయంత్రం అక్కడ గడపండి.

7. మూడో రోజు: ఒక్కటే ఎంచుకోండి

ఇక్కడే మన పాత అలవాటు మళ్లీ తలెత్తుతుంది, అన్నీ చూసేయాలని. వద్దు. కింది మూడింటిలో మీ కుటుంబానికి సరిపడేది ఒక్కటే తీసుకోండి.

* పెద్దవాళ్లుంటే ఒమి హచిమాన్. పాత వర్తకుల ఊరు. కాలువలో నెమ్మదిగా పడవ మీద తిరగడమే, నడక తక్కువ.
* గుడులంటే ఇష్టమైతే ఒత్సు పక్కన హియే కొండ మీది ఎన్‌ర్యకుజి. 788లో మొదలైన మఠం, యునెస్కో వారసత్వ స్థలం. సకామోతో నుంచి పైకి వెళ్లే 2,025 మీటర్ల కేబుల్ రైలు జపాన్‌లో అన్నిటికంటే పొడవైనది. ముఖ్య ఆలయంలో పన్నెండు వందల ఏళ్లుగా వెలుగుతోందని చెప్పే అఖండ దీపం ఉంది.
* చిన్న పిల్లలుంటే ఒత్సు రేవులో "మిషిగన్" ఓడ.

8. తిండి విషయంలో మొహమాటం వద్దు

శాకాహారులు తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది: దషి. ఎండు చేప, సముద్రపు నాచు వేసి కాచే రసం అది. మిసో సూప్‌లో, నూడుల్స్ పులుసులో, కూరగాయల వంటకాల్లో కూడా కలుస్తుంది. "మాంసం లేదు" అని వంటాయన నిజమే చెప్తాడు, దషి మాత్రం ఉంటుంది. చేప కూడా తినమని, దషి కూడా వద్దని విడిగా చెప్పాలి.

నోటితో చెప్పేకంటే రాసి చూపించడం మేలు. దానికి మీ పక్కింటివాళ్లున్నారు కదా! తలుపు తట్టి, "మేం మాంసం, చేప, గుడ్డు, దషి తినం అని జపనీస్‌లో ఒక కార్డు రాసిపెడతారా?" అని అడగండి. ఆ ఒక్క కార్డు పది యాప్‌ల పెట్టు. దాంతో పాటు వాళ్ల ఊరి కబుర్లు కూడా వస్తాయి.

ఇంటి నుంచి తీసుకెళ్లాల్సినవి: పులిహోర పొడి, ఉప్మా మిక్స్, కందిపొడి. తీసుకెళ్లకూడనివి: చికెన్, మటన్ పచ్చళ్లు. ధ్రువపత్రం లేని మాంసపు పదార్థాలను జపాన్ రానివ్వదు. పచ్చి కరివేపాకు, పండ్లు, కూరగాయలకు కూడా మొక్కల తనిఖీ పత్రం కావాలి. సంచి అడుగున మరిచిపోయిన ఒక రెబ్బ కోసం ఎయిర్‌పోర్టులో నిలబడాల్సిన పని లేదు. చిన్న ఊళ్లలో హోటళ్లు తొందరగా మూసేస్తారు. రాత్రి ఏడింటికల్లా భోజనం ముగించండి.

9. ఇంటికి వచ్చిన చుట్టంలా మెలగండి

* టిప్పు ఇవ్వకండి. బల్ల మీద వదిలేస్తే మరిచిపోయారనుకుని మీ వెనకే పరుగెత్తుకొస్తారు.
* రైల్లో ఫోన్ మాట్లాడకండి. ఇండియా నుంచి అమ్మ ఫోన్ వచ్చినా దిగాకే.
* చెత్తబుట్టలు అరుదు. జేబులో ఒక సంచి ఉంచుకుని చెత్తను హోటలుకు తెచ్చేయండి.
* దుకాణంలో డబ్బు అక్కడున్న చిన్న పళ్లెంలో పెట్టండి. చిన్న ఊళ్లలో నగదు అవసరం ఎక్కువ, కార్డు మీదే ఆధారపడకండి.
* "సుమిమసెన్" నేర్చుకోండి. క్షమించండి, కాస్త వినండి, థాంక్స్ అన్నిటికీ ఆ మాట పనికొస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు హికోనెలో ఒక మిఠాయి పెట్టె కొనండి. ప్రయాణం నుంచి అయినవాళ్లకు తెచ్చే ఇలాంటి కానుకను వాళ్లు ఒమియగే అంటారు. కార్డు రాసిచ్చిన పక్కింటివాళ్లకు అది ఇచ్చి చూడండి. ఎన్నాళ్లుగానో చేతులూపుకోవడం దగ్గరే ఆగిన స్నేహం ఆ రోజు గడప దాటి లోపలికొస్తుంది.

ఈ వారంలోనే చేయండి

1. ఇంట్లో అందరి పాస్‌పోర్టులు, వీసా స్టాంపులు తీసి గడువు తేదీలు ఒక కాగితం మీద రాయండి.
2. మీ పట్టికలో రెండు ఊళ్లు కొట్టేసి, ఆ చోట "హికోనె, మూడు రాత్రులు" అని రాయండి.
3. పక్కింటి తలుపు తట్టండి.

మూడో పనికి వీసా అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు. జపాన్ ప్రయాణం నోవైలో మీ వీధిలోనే మొదలవుతుంది. ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.